కుక్క రక్తాన్ని ఫ్రీజర్లో దాచవచ్చా? సీమ పట్టణాల్లో పెంపుడు జంతువుల రక్తనిధి లెక్కలు

క్లుప్తంగా: రక్తాన్ని ఉన్నదున్నట్టుగా ఫ్రీజర్లో పెడితే ఎర్ర కణాలు పగిలి పనికిరాకుండా పోతాయి. ఫ్రీజర్లో ఏడాది నిలిచేది కణాలు తీసేయగా మిగిలే పసుపు ద్రవం, ప్లాస్మా. ఎర్ర కణాలున్న సంచి ఫ్రిజ్‌లో సుమారు నెల రోజులే ఉంటుంది. వాడకం తక్కువగా ఉండే కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఈ గడువే అసలు చిక్కు. ముందే పరీక్షించి ఉంచిన దాతల పట్టిక, దానికి తోడు ఒకటి రెండు చోట్ల ప్లాస్మా నిల్వ ఇక్కడ ఎక్కువ పనికొచ్చే దారి.

కర్నూలులోనో అనంతపురంలోనో ఒక కుక్కకు ఉన్నపళంగా రక్తం కావలసి వస్తే ఇప్పటికీ మొదట కదిలేది వాట్సాప్ గ్రూపే. లాబ్రడార్‌కు రక్తం బాగా పడిపోయింది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి అన్న విన్నపం నాలుగు గ్రూపులు తిరుగుతుంది. దాత దొరికితే ఆ కుక్క అదృష్టం. దొరక్కపోతే కర్నూలు వారికి హైదరాబాదు, అనంతపురం వారికి బెంగళూరు దిక్కు. రెండూ రెండు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణాలే. కడప వారు తిరుపతి వైపు చూస్తారు.

2025 ఆగస్టులో కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ జంతువులకు రక్తం ఎక్కించడంపైనా, వాటి రక్తనిధుల నిర్వహణపైనా దేశంలో తొలిసారిగా జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. దాతల ఎంపిక, గ్రూపు పరీక్ష, ఎక్కించే ముందు సరిపోలిక చూసే క్రాస్‌మ్యాచింగ్, డబ్బు ముట్టజెప్పని స్వచ్ఛంద దానం, రక్తనిధులన్నిటినీ కలిపే జాతీయ నెట్‌వర్క్ వంటివి అందులో ఉన్నాయి. ఇవి సలహా రూపంలోనివే, చట్టం బలం ఉన్నవి కావు. అయినా అప్పటి నుంచి పెంపకందారుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ఊరికో మంచి ఫ్రీజర్ కొని రక్తం దాచిపెడితే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో అర్థమైతే ఏది సరిపోతుందో కూడా తేలుతుంది.

వీర్యం నిలుస్తుంది, రక్తం ఎందుకు నిలవదు?

ఈ ప్రశ్న వెనుక ఒక పాత పరిచయం ఉంది. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ద్రవ నత్రజని క్యాన్‌తో ఊళ్లోకి రావడం, మూత తీయగానే తెల్లటి ఆవిరి పొంగడం, పట్టకారుతో సన్నటి స్ట్రా బయటికి తీసి గోరువెచ్చని నీటిలో ముంచడం పాడి ఉన్న ఊరందరూ చూసినదే. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఆబోతు వీర్యం ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. నంద్యాలలో ఇందుకోసం ప్రభుత్వ ఘనీకృత వీర్య కేంద్రమే ఉంది. వీర్యకణం నిలిచినప్పుడు రక్తకణం ఎందుకు నిలవదన్నది న్యాయమైన సందేహమే.

కణం లోపలా వెలుపలా ఉన్నది ఎక్కువగా నీరే. మెల్లగా చల్లబరిస్తే ముందు వెలుపలి నీరు మంచు పలుకులవుతుంది. మిగిలిన కొద్ది ద్రవంలో లవణాలు చిక్కబడి కణంలోని నీటిని పీల్చేస్తాయి. వేగంగా చల్లబరిస్తే లోపలే మంచు ఏర్పడి కణం పొరను చీలుస్తుంది. ఎటు చూసినా కణానికి చేటే. గ్లిసరాల్ కలిపితే ఈ నష్టం తగ్గుతుందని 1949లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కోడిపుంజు వీర్యంతో తేల్చారు. ఆ బృందంలోని ఆడ్రీ స్మిత్ మరుసటి ఏడాదే ఎర్ర రక్తకణాల మీద కూడా అదే ఉపాయం పనిచేస్తుందని చూపారు. అంటే రక్తాన్ని ఫ్రీజ్ చేయడం అసాధ్యమేమీ కాదు. మనుషుల్లో అరుదైన గ్రూపుల ఎర్ర కణాలను గ్లిసరాల్‌లో ఉంచి, మైనస్ 65 డిగ్రీలకు దిగువన, పదేళ్ల వరకు దాస్తున్నారు.

తేడా వచ్చేది ఆ తర్వాతి పనిలో. ఒక స్ట్రాలో పట్టేది పావు మిల్లీలీటరు. అందులో సుమారు రెండు కోట్ల వీర్యకణాలు ఉంటాయి. కరిగాక సగం చచ్చిపోయినా గర్భధారణకు ఇబ్బంది లేదు, కావలసింది ఒక్కటే. రక్తం విషయంలో ఆ ఉదారత చెల్లదు. మనుషుల రక్తనిధుల్లో ఒప్పుకున్న కొలమానం ప్రకారం, ఎక్కించిన 24 గంటల తర్వాత కనీసం 75 శాతం ఎర్ర కణాలు ఒంట్లో బతికి తిరుగుతూ ఉండాలి. కణాల్లోకి చేరిన గ్లిసరాల్‌ను మెట్టుమెట్టుగా కడిగి తీసివేయకుండా ఎక్కిస్తే, రోగి ప్లాస్మాలో అవి నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. ఆ కడగడానికి ప్రత్యేక యంత్రం, నిపుణులు, సమయం కావాలి. కుక్కల వైద్యంలో ఇంత ఖర్చు పెట్టే ఆసుపత్రులు ప్రపంచంలోనే అరుదు.

ఇంట్లోని ఫ్రీజర్లో పెట్టిన మామూలు రక్తపు సంచికి ఈ రక్షణ ఏదీ ఉండదు. బాగున్న సంచిని కదలకుండా నిలబెడితే పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా, కింద ముదురు ఎరుపు కణాలు తేరుకుంటాయి. ఫ్రీజర్లో గట్టిపడి కరిగినదాన్ని నిలబెడితే అడుగు నుంచి అంచు దాకా ద్రాక్షరసంలా ఒకే రంగు. కణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటపడిందని దానర్థం. అది ప్రాణవాయువును మోయకపోగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇలాంటి సంచిని ఎక్కించడం కన్నా ఎక్కించకపోవడమే మేలు.

సంచిలోని ద్రవం చేసే పని

అందుకే ఎర్ర కణాల స్థానం ఫ్రిజ్. అక్కడ ఉష్ణోగ్రత 1 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. రక్తం తీసే ప్లాస్టిక్ సంచిలో ముందే కొంత ద్రవం పోసి ఉంటుంది. 350 మిల్లీలీటర్ల సంచిలో 49, 450 మిల్లీలీటర్ల సంచిలో 63 మిల్లీలీటర్లు. పొట్టిగా దాన్ని సీపీడీఏ అంటారు. అందులోని సిట్రేట్ రక్తంలోని కాల్షియంను పట్టేసి గడ్డ కట్టకుండా చూస్తుంది. డెక్స్‌ట్రోజ్ కణాలకు తిండి. ఫాస్ఫేటు, అడినైన్ ఆ తిండిని శక్తిగా మార్చుకోవడానికి తోడ్పడతాయి. ఇంత ఏర్పాటు ఉన్నా మనిషి రక్తానికి గడువు 35 రోజులు. కుక్క రక్తానికి 28 నుంచి 35 రోజులుగా పాటిస్తారు. రోజులు గడిచే కొద్దీ కణాల్లో శక్తి తగ్గుతుంది, పొర బిరుసెక్కుతుంది, కొన్ని పగులుతాయి, అమ్మోనియా పేరుకుంటుంది. కాలేయం దెబ్బతిన్న కుక్కకు గడువు చివరలో ఉన్న సంచి ఇవ్వడానికి వైద్యులు వెనకాడేది ఇందుకే.

ఇక్కడ వాడేవి మనుషుల కోసం తయారైన సంచులే కాబట్టి కొలత తప్పే ప్రమాదం ఎక్కువ. ఆ 49 మిల్లీలీటర్లు 350 మిల్లీలీటర్ల రక్తానికి సరిపోయే పాళ్లు. దాత కదిలిపోయి 150 దగ్గరే ఆగిపోతే సంచిలో సిట్రేట్ అవసరానికి మించి మిగులుతుంది. అది రోగి ఒంట్లోకి వెళ్లి అక్కడి కాల్షియంను పట్టేస్తుంది. కండరాలు వణుకుతాయి, గుండె లయ తప్పుతుంది. కాబట్టి సంచిని చిన్న తూకం మీద పెట్టి, మెల్లగా ఊపుతూ, బరువు చూసుకుంటూ తీయాలి. పాతిక కిలోల కుక్కలో మొత్తం రక్తం రెండు లీటర్ల పైచిలుకు. దానికి 350 సంచి చాలు, ముప్పై కిలోలు దాటిన లాబ్రడార్ అయితే 450 ఇవ్వగలదు. మెడ దగ్గరి పెద్ద సిర నుంచి తీస్తారు. నెమ్మదస్తురాలైన కుక్క మత్తు లేకుండానే పది నిమిషాలు కదలకుండా ఉంటుంది.

మామూలు ఫ్రిజ్ పనికొస్తుందా అన్నది తరచుగా వచ్చే ఇంకో ప్రశ్న. పశువైద్యశాలల్లో గాలికుంటు టీకాల కోసం ఫ్రిజ్‌లు ఇప్పటికే ఉన్నాయి. టీకాలకు 2 నుంచి 8 డిగ్రీలు సమ్మతం. అదే 8 డిగ్రీలు రక్తానికి ఎక్కువ. పైగా ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో వెనుక గోడకు ఆనుకున్న సంచి అంచులు మంచు కట్టే వీలుంది, తలుపు దగ్గరిది మాటిమాటికీ వేడెక్కుతుంది. ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం, కరెంటు పోతే మోగే గంట లేని ఫ్రిజ్‌ను రక్తనిధి అనడం పేరుకే.

ఫ్రీజర్ నిజంగా పనికొచ్చే చోటు

రక్తం నుంచి కణాలను వేరు చేస్తే మిగిలే పసుపు ద్రవం ప్లాస్మా. అందులో పగలడానికి కణాలు లేవు కాబట్టి ఫ్రీజ్ చేయడానికి అడ్డు లేదు. రక్తం తీసిన ఎనిమిది గంటల్లోపు చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిర తిప్పి కణాలను అడుగుకు దించే యంత్రం) తిప్పి, పైన తేలిన ప్లాస్మాను జంట సంచిలోకి నొక్కి, మైనస్ 18 డిగ్రీలకు దిగువన పెడితే గడ్డకట్టించే కారకాలన్నీ ఏడాది వరకు పదిలం. ఆ తర్వాత నాజూకైన కొన్ని కారకాలు తగ్గుతాయి. మిగతావాటి కోసం దాన్ని మొత్తం అయిదేళ్ల దాకా వాడుకోవచ్చు. వాడేటప్పుడు 37 డిగ్రీల నీటిలో కరిగించాలి. తొందరపడి మరిగే నీళ్లలో వేస్తే ఆ మాంసకృత్తులే ఉడికిపోతాయి.

దీనికి సీమలో పని ఉంది. రక్తం గడ్డకట్టనివ్వని రకం ఎలుకల మందు తిన్న కుక్కలో విటమిన్ కె పనిచేయక గడ్డకట్టే కారకాలు తయారు కావు. రెండు మూడు రోజులకు చిగుళ్ల నుంచి, ఊపిరితిత్తుల్లోకి రక్తం కారడం మొదలవుతుంది. విటమిన్ కె1 ఇంజెక్షన్ విరుగుడే అయినా అది పనిలోకి దిగడానికి గంటలు పడుతుంది. ఆ గంటలను దాటించేది ప్లాస్మా. రక్తపింజరి కాటు వేరే కథ. ఆ విషం గడ్డకట్టే కారకాలను కరిగించేస్తూ పోతుంది. విషవిరుగుడు సీరం ఇవ్వకుండా ప్లాస్మా ఎక్కిస్తే అదీ ఖర్చయిపోతుంది. ముందు సీరం, తర్వాతే మిగతావి.

కరెంటు కోతలు ఇక్కడ చిన్న విషయం కాదు. మే నెలలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రాత్రి రెండు మూడు గంటలు సరఫరా ఆగితే, పొద్దున చూసేసరికి సంచి మళ్లీ గట్టిపడే ఉంటుంది. మధ్యలో కరిగిందో లేదో కంటికి తెలియదు. దీనికి రక్తనిధుల్లో పాత ఉపాయం ఒకటుంది. ప్లాస్మా సంచి నడుముకు రబ్బరు బ్యాండు వేసి ఫ్రీజ్ చేస్తారు. గట్టిపడ్డాక బ్యాండు తీసేస్తే అక్కడ నొక్కు మిగులుతుంది. వాడే రోజున ఆ నొక్కు చెరిగిపోయి ఉంటే మధ్యలో ఎప్పుడో కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. పైసా ఖర్చు లేని నిఘా.

ప్లేట్‌లెట్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. డెంగీ పుణ్యమా అని అందరికీ ఆ పేరు నోటికొచ్చేసింది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరంలో కుక్కల ప్లేట్‌లెట్లు పడిపోతాయి, యజమానులు వెంటనే ఎక్కించమంటారు. ప్లేట్‌లెట్లు ఫ్రిజ్‌లోనూ ఫ్రీజర్లోనూ కాక 20 నుంచి 24 డిగ్రీల గదిలో, ఊగే బల్ల మీద, అయిదు రోజులే నిలుస్తాయి. అప్పుడే తీసిన రక్తం కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించినా పెరిగేవి మహా అయితే పదివేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఉండవలసినవి సుమారు రెండు నుంచి అయిదు లక్షలు. ఆ జబ్బుకు చికిత్స డాక్సీసైక్లిన్.

గ్రూపుల చిక్కు: కుక్కకు మొదటిసారి, పిల్లికి ప్రతిసారి

కుక్కల్లో గ్రూపులు పది దాకా ఉన్నా చికిత్సలో ముఖ్యమైనది ఎర్ర కణాల మీద ఉండే డీఈఏ 1 అనే గుర్తు. ఆ గుర్తు లేని కుక్కలో దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పుట్టుకతో ఉండవు. అందుకే గ్రూపు చూడకుండా ఎక్కించిన మొదటి సంచి సాధారణంగా బెడిసికొట్టదు. ఈ అదృష్టం మీద ఆధారపడే చాలా చిన్న ఆసుపత్రులు నడుస్తున్నాయి. కానీ ఆ మొదటి సంచే ప్రతిరక్షకాలను పుట్టిస్తుంది. కొన్ని వారాల తర్వాత అదే పొరపాటు జరిగితే కొత్త కణాలు ఒంట్లోనే పగిలిపోతాయి. ఆరు నెలల కిందట మరో ఊళ్లో రక్తం ఎక్కించిన సంగతి యజమాని చెప్పకపోతే వైద్యుడికి తెలిసే దారి లేదు.

పిల్లికి మొదటి అవకాశం కూడా లేదు. వాటి గ్రూపులు ఏ, బీ, అరుదుగా ఏబీ. బీ గ్రూపు పిల్లిలో ఏకు వ్యతిరేకంగా బలమైన ప్రతిరక్షకాలు సహజంగానే ఉంటాయి. కొద్ది మిల్లీలీటర్ల ఏ రక్తం దాని ప్రాణం తీయగలదు. పిల్లుల్లో ఎక్కువ భాగం ఏ గ్రూపువే, కానీ బ్రిటిష్ షార్ట్‌హెయిర్ వంటి జాతుల్లో బీ గణనీయంగా ఉంటుంది. పైగా నాలుగున్నర కిలోల పిల్లి ఇవ్వగలిగేది 50 మిల్లీలీటర్ల చిల్లర, అదీ మత్తు ఇచ్చాకే. అంత చిన్న పరిమాణానికి మూసిన సంచులు దొరక్క సిరంజీలతో తీస్తారు. అలా గాలి సోకిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా 24 గంటల్లో వాడెయ్యాలి. పిల్లి రక్తం నిల్వ గురించి ఈ పట్టణాల్లో ఇప్పట్లో ఆలోచించనక్కర్లేదు.

కొట్టంలో దాత పక్కనే ఉంటుంది

సీమలో రక్తం కావలసిన జంతువులు కుక్కల కన్నా పశువులే ఎక్కువ. సంకర జాతి ఆవుల్లో థైలేరియా, బబీషియా జ్వరాలు ఎర్ర కణాలను ఊడ్చేస్తాయి. గొర్రెల్లో జలగల్లా పట్టి పీల్చే పొట్ట పురుగులు అదే పని చేస్తాయి. అయినా పశువులకు రక్తనిధి గురించి ఎవరూ పెద్దగా అడగరు, అడగనక్కర్లేదు కూడా. దాత పక్క గుంజకే కట్టి ఉంటుంది. 400 కిలోల ఆవు ఒక్కసారికి నాలుగు లీటర్లు ఇవ్వగలదు. పశువుల గ్రూపులు మరీ గజిబిజి, 11 వ్యవస్థలు. అయినా మొదటిసారి ఎక్కించడం చాలావరకు నిరపాయమే. ఎక్కించిన కణాలు రెండు మూడు రోజులకు మించి నిలవవు కాబట్టి అది థైలేరియాకు ఇచ్చే బుపార్వాక్వోన్ వంటి మందు పనిచేసేదాకా గట్టెక్కించే ఏర్పాటు మాత్రమే. నాలుగు లీటర్ల రక్తాన్ని ఫ్రిజ్‌లో దాయడం కన్నా ఆవునే దాయడం చవక.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

కుక్కలకే పరిమితమై ఒక లెక్క వేద్దాం. రక్తంలో ఎర్ర కణాల వాటా 12 శాతానికి, అంటే ఉండవలసినదానిలో సుమారు మూడో వంతుకు, పడిపోయిన 20 కిలోల కుక్క ఉందనుకుందాం. దాన్ని 22 శాతానికి తేవాలి. ఒక్కో శాతానికి కిలోకు 2 మిల్లీలీటర్ల చొప్పున 400 మిల్లీలీటర్లు కావాలి. అంటే ఒక్క కుక్కకు ఒక సంచి. ఒక పట్టణంలో ఇలాంటి కేసులు నెలకు రెండు వస్తాయనుకుందాం. ఏ రోజు ఏ గ్రూపు అడుగుతారో తెలియదు కాబట్టి డీఈఏ 1 ఉన్నవి రెండు, లేనివి రెండు ఫ్రిజ్‌లో ఉంచాలి. నెల తిరిగేసరికి రెండు వాడకమవుతాయి, రెండు పారబోయాలి. వచ్చే నెల మళ్లీ నలుగురు దాతలు. మూడో నెలకు, పారబోయడానికా మా కుక్క రక్తం ఇచ్చిందని యజమానులు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఏ ఆసుపత్రి దగ్గరా మంచి జవాబు ఉండదు.

పెద్ద నగరంలో ఈ చిక్కు దానంతట అదే విడిపోతుంది. చెన్నైలోని మద్రాసు పశువైద్య కళాశాల, లూధియానాలోని పశువైద్య విశ్వవిద్యాలయం రక్తనిధులు నడపగలుగుతున్నాయంటే రోజూ వచ్చే కేసులే కారణం. బ్రిటన్ నిబంధనలు మార్చుకుని 2007లో పెట్ బ్లడ్ బ్యాంక్ అనే స్వచ్ఛంద సంస్థకు దారి తీసింది. ఊరూరా శిబిరాలు పెట్టి తీసిన రక్తాన్ని ఒకచోట విడదీసి దేశమంతటా పంపడం దాని పద్ధతి. ఒక ఊరి అవసరం ఊహకు అందదు కానీ, వందల ఊళ్లది కలిపితే అందుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా చాలా కాలం కుక్కలను గూళ్లలో పెంచి వాటి నుంచే రక్తం తీసే సంస్థల మీద ఆధారపడింది. 2021లో చట్టం తెచ్చి, ఇళ్లలో పెరిగే దాతల వైపు మళ్లుతోంది. మన మార్గదర్శకాలు మొదటి నుంచే స్వచ్ఛంద దానాన్ని పట్టుకోవడం మంచి నిర్ణయం. లేకపోతే ఎవరూ అడగని వీధి కుక్కలు దాతలయ్యేవి. పిడుదులు పట్టిన వీధి కుక్క రక్తంతో ఎర్లిషియా, బబీషియా కూడా ఎక్కుతాయి.

సీమకు సరిపోయేది

దాతల పట్టిక అంటే ఫోన్ నంబర్ల జాబితా కాదు. పాతిక కిలోలు దాటిన, ఏడాది నుంచి ఏడెనిమిదేళ్ల లోపు వయసున్న, టీకాలు పూర్తయిన, ఇంతకుముందు రక్తం ఎక్కించుకోని కుక్కలను ముందే పిలిచి డీఈఏ 1 చూడాలి. పిడుదుల జబ్బుల పరీక్షలు చేసి, ఏటా మళ్లీ చేయాలి. డీఈఏ 1 లేని కుక్కలు పది దొరికితే ఒక పట్టణానికి అది పెద్ద ఆస్తి. వాటి రక్తం సాధారణంగా రెండు రకాల కుక్కలకూ ఎక్కించవచ్చు. అవసరం వచ్చిన గంటలో దాత వస్తే తాజా రక్తం, నిల్వ బాధ లేదు, వృథా లేదు. అర్ధరాత్రి ఫోను ఎత్తే యజమాని లేకపోవడం దీని బలహీనత. అందుకే పది కావాలి, రెండు చాలవు.

దీని పక్కన ప్లాస్మా నిల్వ ఉంటే మరికొన్ని అత్యవసరాలు దాటుతాయి. రక్తం ఎక్కించుకోని కుక్కల ప్లాస్మాకు గ్రూపు పట్టింపు దాదాపు లేదు, గడువు ఏడాది. నెలకు రెండే కేసులున్నా పారబోసే అవసరం రాదు. ఎర్ర కణాలకు అడ్డం తిరిగిన లెక్క ప్లాస్మాకు సరిపోతుంది. చల్లటి సెంట్రిఫ్యూజ్, నమ్మకమైన కరెంటు, శిక్షణ పొందిన మనుషులు ఒకచోట కలిసే అవకాశం ఈ ప్రాంతంలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు ఎక్కువ. అక్కడ విడదీసిన ప్లాస్మాను డ్రై ఐస్ పెట్టెలో కడపకు గంటన్నరలో, కర్నూలుకూ అనంతపురానికీ పూటలో చేర్చవచ్చు. ప్లాస్మా తీయగా మిగిలిన ఎర్ర కణాలు కళాశాల ఆసుపత్రిలోనే వాడకమవుతాయి.

రాష్ట్రం తేల్చవలసినవి రెండున్నాయి. జంతు రక్తనిధికి అనుమతి ఎవరు ఇస్తారు, తనిఖీ ఎవరు చేస్తారు? మనుషుల రక్తనిధులకు ఔషధ చట్టం కింద లైసెన్సు ఉంది. జంతువుల విషయంలో మార్గదర్శకాలు ఆ బాధ్యతను రాష్ట్రాల వైపు చూపాయి. అది తేలేవరకు సంచి మీద అంటించే చీటీలో దాత గుర్తు, గ్రూపు, తీసిన తేదీ, పరీక్షల ఫలితం రాసేదీ, రాయనిదీ ఆ ఆసుపత్రి ఇష్టం. చీటీ లేని సంచిని వద్దనే హక్కు మాత్రం యజమానికి ఇప్పుడూ ఉంది.